పిలవని కొసరు

వరంగల్ ధాన్యం మార్కెట్లో రామలింగం గొంతు వినని బస్తా లేదనేవాళ్ళు. అతను దడువాయి. అంటే కాంటా దగ్గర నిలబడి సరుకు తూచి, లెక్కను నలుగురికీ వినబడేలా పాడే మనిషి. మొదటి బస్తాను ఒకటి అనకూడదు, లాభం అనాలి. "లాభం, రెండు, మూడు" అంటూ ఎత్తుకుని, ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆరున్నొక్కటి అని దాటవేసి, రాగం తెగకుండా నూరు దాకా పోయేవాడు. దడువాయిలందరూ అంతే. కానీ రామలింగానికి ఇంకో అలవాటుండేది. లెక్క అయిపోయాక రెండు దోసిళ్ళ గింజలు పక్కకు తీసి "కొసరు" అని పిలిచేవాడు. ఆ తర్వాతే "తూకం సరి" అని కాంటా వదిలేవాడు.

వర్ధన్నపేటలో కుంచంతో వడ్లు కొలిచిన తండ్రి నేర్పిన పద్ధతి అది. లెక్కను ఉత్తగా మూయకూడదట. పైన ఒకటి పిలిచి మూయాలట, లేకపోతే లోపలున్నదే తరుగుతుందట. అడ్తి సేట్లు సణిగేవాళ్ళు. ఆ రెండు దోసిళ్ళతో నీ మేడలు కూలవులే సేటూ అని రామలింగం వాళ్ళ నోరు మూయించేవాడు. కొసరు గింజలు చాటలు పట్టే ఆడవాళ్ళ కొంగుల్లోకీ, మిగిలితే పిచ్చుకల నోళ్ళలోకీ పోయేవి.

బస్తాల సంగతి సరే. మనుషులను కూడా అతను అలాగే లెక్కపెట్టేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మార్కెట్ హమాలీలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పేరు మార్కెట్ ఎలెవన్. పొద్దంతా బస్తాలు మోసిన కాళ్ళకు సాయంత్రం ఆట ఎలా తోచేదో దేవుడికే తెలియాలి. నీలిమందు ఎక్కువేసి ఉతికిన బనియన్లు తొడుక్కుని, బూట్లు లేకుండా ఆడేవాళ్ళు. జిల్లాల లీగులో అన్నిటికంటే కింది వరుసలో ఉండేవాళ్ళు. అంతకంటే కింద ఇంకో వరుస లేదు కాబట్టి అక్కడే నిలకడగా ఉన్నారు. బయటి ఊళ్ళో ఒక్క ఆటా గెలవలేదు. ఎందుకురా అంటే ఆ ఊరి గ్రౌండు వాలుగా ఉందనేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అయినా వాళ్ళు ఏ ఊరు పోతే ఆ ఊరికి నిమ్మకాయల సంచీ భుజాన వేసుకుని రామలింగం వెంట వెళ్ళేవాడు. పెళ్ళాం పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. ఆదివారం ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికి వచ్చేవి.

పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రైలు డబ్బా తలుపు దగ్గర నిలబడి ఆటగాళ్ళను లెక్కపెట్టేవాడు. లాభం నుంచి పదకొండు దాకా అయ్యాక కొసరు అని పిలిచి, తూకం సరి అని తలుపు వేసేవాడు. ఆ కొసరు ఎవరు మామా, నువ్వేనా అని కెప్టెన్ ముక్తార్ ఆటపట్టించేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

డెబ్బయి తొమ్మిదో సంవత్సరం జనవరిలో జట్టు వంతు బొగ్గుబాయిల ఊరికి పడింది. బెల్లంపల్లి దాటాక వచ్చే చిన్న స్టేషన్ అది. ఆ పేరు వినగానే నవ్వులు ఆగిపోయాయి. మూడేళ్ళ కింద అక్కడే రాయమల్లు పోయాడు.

రాయమల్లు ఆ జట్టులో లెఫ్ట్ అవుట్. బాల్ కావాలంటే అరిచేవాడు కాదు, రెండు చప్పట్లు కొట్టేవాడు. గ్రౌండు ఏ మూలనున్నా ఆ రెండు చప్పట్లు వినబడేవి. హమాలీ పని వదిలి బాయిలో పనికి వెళ్ళాడు. ఆరు నెలలు తిరగకుండానే లోపల పైకప్పు కూలింది. మిగతావాళ్ళు దొరికారు, అతను దొరకలేదు. కొన్నాళ్ళు వెతికి ఆ దారి మూసేశారు. తల్లి మొగిలమ్మకు కొడుకు చెప్పులు ఇచ్చి పంపారు. ఆమె మార్కెట్లోనే చాట పట్టేది. చిన్న కొడుకు కట్టయ్య ఇప్పుడు అదే జట్టుకు గోల్‌కీపర్.

కట్టయ్య ఆ ఊరికి పోకూడదని మొగిలమ్మ మొండికేసింది. కట్టయ్య లేకపోతే గోల్‌లో నిలబడేవాడు లేడు. ముక్తార్ వెళ్ళి బతిమాలాడు, ఆమె తల అడ్డంగానే ఊపింది. నాలుగు రోజులయ్యాక, కాంటా దగ్గర ఎవరూ లేనప్పుడు ఆమే రామలింగం దగ్గరికి వచ్చింది.

"పోయేటప్పుడు, ఒచ్చేటప్పుడు నువ్వే లెక్కవెడ్తవా అన్నా?"

"నేనే చెల్లె. ఇంకెవరు పెడ్తరు?"

"ఎప్పుడెట్ల పెడ్తవో గట్లనే పెట్టాలె. ఒక్క మాట తక్కువ కావద్దు."

"గట్లనే పెడ్త. ఫికర్ చెయ్యకు. నీ కొడుకును నీ గడప మీద అప్పజెప్త."

ఆమె అతని మొహం వైపు కాసేపు చూసి, సరే తీసుకపో అంది. రామలింగం గుండె మీద అప్పటినుంచి ఒక బస్తా కూర్చుంది. ఒకరి కడుపున మిగిలిన ఒకే ఒక్క బిడ్డ. మాట ఇచ్చాడు.

ఆదివారం తెల్లవారుతుండగా కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కారు. రామలింగం లెక్కపెట్టాడు, కొసరు పిలిచాడు, తలుపు వేశాడు. పదకొండు గంటలకు దిగేసరికి ఆ ఊళ్ళో ఎండ లేదు. ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యిలు రగులుతున్నాయి. ఆ పొగ మంచుతో కలిసి మనిషి నిలువెత్తున నిలిచిపోయింది. గ్రౌండుకు పోయే దారిలో నేల అడుగులకు బోలుగా మోగింది. కింద తవ్వేసి ఉందని వెంట వచ్చిన ఊరివాడు మామూలుగా చెప్పాడు. రామలింగం ఆ తర్వాత అడుగు మెల్లగా వేశాడు.

ఆట మొదలయ్యాక అతను గోల్ పక్కన, కట్టయ్య కనబడేంత దూరంలో నిలబడ్డాడు. పొగలో అవతలి సగం గ్రౌండు కనిపించడం లేదు. నీలి బనియన్లు అందులోకి వెళ్తున్నాయి, వస్తున్నాయి. అలవాటు ఊరుకోనివ్వదు కదా, లెక్కపెట్టాడు. పన్నెండు వచ్చాయి. పొగలో ఒకడిని రెండుసార్లు పెట్టి ఉంటానులే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా బస్తా తప్పని మనిషి అనుకోవలసిన మాట కాదది. మళ్ళీ పెట్టాడు. పన్నెండే. హాఫ్ టైంలో అందరూ నిమ్మకాయల కోసం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క చెక్క పెట్టాడు. కట్టయ్యతో సహా పదకొండు మందికీ అందింది. పదకొండు చెక్కలే కోశాడు. పళ్ళెంలో ఏమీ మిగల్లేదు, ఇంకా ఒక చెయ్యి మాత్రం చాచి ఉన్నట్టు అనిపించింది. తలెత్తి చూస్తే పొగ.

రెండో సగంలో కట్టయ్య బాల్ పట్టుకుని ఎవరికి విసరాలా అని చూస్తున్నాడు. ఎడమ వైపు పొగలోంచి రెండు చప్పట్లు వినబడ్డాయి.

కట్టయ్య ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడుకే బాల్ విసిరిన చెయ్యి అది. విసిరేశాడు. అటు మనవాళ్ళు ఎవరూ లేరని రామలింగానికి తెలుసు. బాల్ పొగలోకి పోయింది. ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత అది ఎవరో తన్నినట్టు వంపు తిరిగి, పొగ కాస్త విడిన చోట అవతలి గోల్ ముందున్న ముక్తార్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. ముక్తార్ కొట్టేశాడు. గోల్.

ఆ ఒక్క గోల్‌తో మార్కెట్ ఎలెవన్ బయటి ఊళ్ళో మొట్టమొదటిసారి గెలిచింది. ఎవరూ ఎగరలేదు. పాస్ ఎవరిచ్చారని ముక్తార్ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. కట్టయ్య గోల్ వదిలి ఎడమ గీత దాకా నడిచి వెళ్ళి నిలబడ్డాడు. రామలింగం పోయి వాడి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

మూడున్నరకు తిరుగు రైలు. డబ్బా తలుపు దగ్గర రామలింగం నిలబడి లెక్క ఎత్తుకున్నాడు. ఎక్కుతున్న తలలు పన్నెండయ్యాయి. అందరినీ దింపి మళ్ళీ ఎక్కించాడు. పన్నెండు. పేరుపేరునా పిలిస్తే పదకొండు పేర్లే ఉన్నాయి. లెక్కపెడితే పన్నెండు మంది ఉన్నారు. ఎవరి మొహం ఎక్కువో తెలియడం లేదు, అన్నీ తెలిసిన మొహాలే.  కొసరు అంటే ఇవ్వడమేగాని తిరిగి తీసుకునేది కాదు. రోజూ పిలుస్తూ పోయాను, ఈ రోజు ఎవరో పలికారు. ఎక్కినవాడు ఊరికే వస్తాడా, తన చోటు కోసం ఒకడిని దింపుతాడా? దింపితే ఎవరిని? అతనికి మొగిలమ్మకు ఇచ్చిన మాటే గుర్తుకొచ్చింది.

గార్డు ఈల వేశాడు. రామలింగం జీవితంలో మొదటిసారి లెక్క మార్చాడు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి పేరుతో ఎక్కించి, పదకొండు కాగానే కొసరు పిలవకుండా "తూకం సరి" అని తలుపు మూసేశాడు.

రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద రెండు చప్పట్లు.

"మామా, మా అన్న పిలుస్తాండు," అంటూ కట్టయ్య తలుపు వైపు లేచాడు.

రామలింగం వాడి మణికట్టు పట్టుకున్నాడు. చప్పట్లు రైలు వెంట కొంత దూరం వచ్చాయి. తర్వాత వెనకబడ్డాయి, తర్వాత లేవు. కాజీపేట వచ్చేదాకా అతను ఆ చెయ్యి వదల్లేదు. ఆ నాలుగు గంటలూ అతను ఏడవకుండా ఉండడానికి పళ్ళు బిగపట్టుకునే ఉన్నాడు. భయమో, తప్పు చేసిన బాధో అతనికే తెలియలేదు.

రాత్రి అన్నాల వేళకు కట్టయ్యను మొగిలమ్మ గడప మీద నిలబెట్టాడు. లోపల మూడు కంచాలు పరిచి ఉన్నాయి. ఆమె కొడుకు మొహం తడిమి చూసి లోపలికి పంపింది. తర్వాత రామలింగం భుజం మీదుగా వీధిలోకి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"కొసరు పిలిచినవా అన్నా?"

అబద్ధం ఆడడానికి అతనికి నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. పన్నెండు వచ్చిన సంగతి, భయపడ్డ సంగతి, తలుపు మూసిన సంగతి, రైలు వెంట వచ్చిన చప్పట్ల సంగతి. ఆమె తిట్టలేదు. గడపకు ఆనుకుని కూర్చుంది.

"వీడు ఒస్తడని నాకు తెల్సు అన్నా. బతికున్నోని కోసం నిన్నెందుకడుగుత? నీ లెక్కల కొసరుంటదనే వీన్ని ఆ ఊరికి పంపిన. పెద్దోడు పిలిస్తె ఒస్తడు. వానికి దారి దెల్వక ఆడ ఉన్నడు."

తర్వాత లేచి, లోపల మూడో కంచం తనే ఎత్తి పక్కన పెట్టింది. రామలింగం ఇంటికి వెళ్ళి పడుకోలేదు. తరగకుండా చూడబోయి, వచ్చినవాడినే వదిలేసి వచ్చాడు. ఆ వారమంతా కాంటా దగ్గర అతని గొంతులో రాగం లేదు. కొసరు అనే మాట దగ్గరికి రాగానే నోరు తడబడింది. చాట కూలీ ఆడవాళ్ళ మధ్య మొగిలమ్మ తలవంచుకుని చెరుగుతూనే ఉంది, ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదు.

మరుసటి ఆదివారం రామలింగం ఒక్కడే రైలెక్కాడు. అతను ధైర్యవంతుడేమీ కాదు. చీకట్లో పెరట్లోకి పోవడానికి కూడా దగ్గుతూ పోయే మనిషి. బోలుగా మోగే ఆ దారిన నడిచి, పొగ నిండిన ఉత్త గ్రౌండులో ఎడమ గీత దగ్గర నిలబడ్డాడు. లెక్కపెట్టడానికి తాను తప్ప ఎవరూ లేరు. లాభం అన్నాడు. దగ్గి, మళ్ళీ అన్నాడు. తర్వాత మార్కెట్లో పిలిచినంత గట్టిగా కొసరు అని పిలిచాడు. చప్పట్లు వినబడలేదు. పొగ కదల్లేదు. కొంతసేపు చూసి, రా బిడ్డా అని వెనక్కి తిరిగి నడిచాడు. నేల అతని ఒక్క అడుగుకు రెండుసార్లు మోగుతున్నట్టుంది. తిరిగి చూడలేదు.

స్టేషన్లో రెండు టికెట్లు తీసుకున్నాడు. రైలు కిక్కిరిసి ఉంది. అయినా కిటికీ పక్కన, అతని ఎదుట, ఒక చోటు ఖాళీగానే ఉంది. కూరగాయల గంపతో వచ్చిన ఒక ముసలామె ఆ చోటు దాకా వచ్చి, ఆగి, కింద కూర్చుంది. టికెట్ కలెక్టర్ రెండు టికెట్లు చూసి రెండో మనిషి ఎక్కడని అడగబోయాడు. కిటికీ వైపు చూశాడు. ఏమీ అడగకుండా రెండిటికీ చిల్లు కొట్టి ఇచ్చి, తొందరగా ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు రామలింగం కాంటా దగ్గర ఉన్నాడు. మార్కెట్ ఎలెవన్ వెంట ఇంకా చాలా ఊళ్ళు తిరిగాడు, ఏ లెక్కలోనూ కొసరు మరవలేదు. ఆ రెండో ప్రయాణం సంగతి మాత్రం పని మానేసేముందు ఒక్క ముక్తార్‌కే చెప్పాడు. ఆ రైలు దిగిన రాత్రి మొగిలమ్మ ఇంటి ముందు జరిగింది కూడా అప్పుడే చెప్పాడు.

అతను వచ్చేసరికి ఆమె వాకిట్లోనే ఉంది. ఎవరు చెప్పారో, చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"తూకం సరి, చెల్లె," అన్నాడు రామలింగం.

ఆమె అతని కాళ్ళ మీద నీళ్ళు పోసింది. లోపలికి వెళ్ళి చెంబు నింపుకొచ్చి, ఎవరూ నిలబడని పక్క బండ మీద పోసింది. ఆ నీళ్ళు నల్లగా పారాయి. ఆమె ఇంకో చెంబు తెచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. నీళ్ళు తెల్లబడేదాకా పోస్తూనే ఉంది.