అక్క పక్కకు జరిగిన ఫొటోలు

నడుస్తున్న మోటరులకెల్లి ఫొటోలు తీసెటోళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. మొన్న మా ఇంటి పిల్లలు కారు అద్దం దించి టకటక తీస్తుంటే, 'బంద్ చేయుండ్రి గది' అని గట్టిగనే కసిరిన. ముసలోనికి తిక్క లేసిందనుకున్నరు. అనుకోనీ. వాళ్లకేమెరుక. నేను జన్మల ఒక్కసారే తీసిన గట్ల, ఎనిమిది తీసిన. మా అక్క మొఖం ఒక్కదాంట్లనన్న పడాలని తీసిన. ఆమె పోయినంక ఆమె బిడ్డకు తల్లి ఎట్లుండెనో తెలువాలని, గంతే నా ఆశ.

ఆంధ్ర, తెలంగాణ కలవకముందటి ముచ్చట ఇది. మేము కిషన్‌బాగ్‌ల ఉండెటోళ్లం. నేను నయాపూల్ కాడ కోర్టుల నకళ్లు రాసే గుమాస్తాను. అక్క నాకంటె నాలుగేండ్లు పెద్దది. ఆమెకు క్షయ అని తేలినంక బావ మా ఇంట్ల దించిపోయిండు, మల్ల ఇటు మొఖం పెట్టలే. అప్పటికి ఒళ్లె ఆర్నెల్ల పిల్ల. పిల్లను దగ్గరికి రానియ్యొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు. ఒకటే ఇల్లు, తల్లి ఈ అర్రల, బిడ్డ ఆ అర్రల. ఏడాది గట్లనే గడిచింది. అక్క మూతికి, ముక్కుకు తెల్లగుడ్డ కట్టుకొని కడప మీద కూసుండి వాకిట్ల ఆడే బిడ్డను చూసేది. ఆ పిల్లకు ఎరుకైన తల్లి అంటే రెండు కండ్లు, ఒక గుడ్డ. నన్ను చూస్తే చేతులు చాపుకుంట ఉరికొచ్చేది, కన్నతల్లిని చూస్తే మా అమ్మ కొంగు ఎనుక దాగేది. అక్క అది చూసి నవ్వేది.

ఒక్క ఫొటో దిగవే అంటే వినేది గాదు. ఆమెను అనుడు గూడ తప్పే. మా ఇంట్ల బతికున్నోళ్ల ఫొటో ఒక్కటంటె ఒక్కటి లేకుండె. మనిషి పోయినంకనే స్టూడియో ఆయనకు కబురు పంపుడు. పీనుగను కుర్సీల కూసోపెట్టి, తల ఒరగకుంట ఎనుక కట్టె పెట్టి గుడ్డతోని కట్టి, బొట్టు పెట్టి, శాలువ కప్పి ఫొటో తీపిచ్చుడు. మా తాతది గట్లనే తీసిండ్రు, మా బాపుది గట్లనే తీసిండ్రు. గోడ మీద వరుసగ అందరు కండ్లు మూసుకొనే ఉండిరి. బాపును కుర్సీకి కట్టిననాడు గుడ్డ కొస పట్టుకున్నది మా అక్కనే. అందుకే కెమెరా పేరెత్తితె 'నన్ను ఇప్పుడే కుర్సీకి కడ్తవారా' అనేది. నవ్వుకుంటనే అనేది, గని ఆ మాట మీద ఇంకో మాట సాగనిచ్చేది గాదు.

ఎట్లనో అనంతగిరి గుట్టల మీది క్షయ దవాఖానల ఒక మంచం దొరికింది. మా కోర్టు వకీల్ సాబ్ ఒకాయన దయ తలిచి తన మోటరును, డ్రైవర్‌ను ఒక పూట ఇచ్చిండు. నాతోని పనిచేసే ఇంకో గుమాస్తా కాడ డబ్బా కెమెరా అడుక్కున్న. రోలుకు ఎనిమిది బొమ్మలు. ఇగ నేను పెద్ద తెలివిగల్లోని లెక్క ఉపాయం పన్నిన. తోవపొంటి సడక్ ఫొటోలు తీస్తున్న అని చెప్పాలె, సడక్ పేరు మీద అక్క మొఖం తీయాలె. మోటరు ఆపి ఆమె దిక్కు కెమెరా తిప్పితె పట్టేస్తది. నడుస్తుంటెనయితె ఎవ్వలికి అనుమానం రాదు. ఎనిమిదిల ఒక్కటన్న కుదరదా అనుకున్న.

పొద్దున్నే బయలెల్లినం. పిల్ల ఏడుస్తదని ముందే పక్కింటికి పంపిచ్చినం, పోతపోత అక్క చూసుకున్నది ఖాళీ వాకిలినే. నేను ముందల డ్రైవర్ భాయ్ పక్కన, ఎనుక సీట్ల అక్క, అమ్మ. మొదటి బొమ్మ మా గల్లీలనే పాయె. కెమెరా ఎట్ల పట్టుకోవాల్నో చూస్తుంటెనే నా బొటనేలు తగిలి టక్కుమన్నది. ఎవలిదో గోడ, ఎవలిదో మేక. పోనీ తీ, ఇంక ఏడున్నయి గదా అని దిల్ గట్టిగ చేసుకున్న.

లంగర్‌హౌజ్ దాటినంక ఎనుకకు తిరిగి, కెమెరాను సీటు మీద ఆనిచ్చిన.

'ఎనుక అద్దంలకెల్లి సడక్ మంచిగ కనవడ్తున్నదక్కా, ఒకటి తీస్త' అన్న.

'నేను అడ్డమున్న గదరా' అని అక్క చప్పున పక్కకు జరిగింది. 'ఇప్పుడు కనవడ్తున్నదా?'

'నువ్వేం అడ్డం లేవు. ముందటి లెక్కనే కూసో.'

'నా తలకాయ పడితె నీ బొమ్మ ఖరాబు గాదా' అనుకుంట ఇంకింత ఒంగి, అమ్మ ఒళ్లె తల పెట్టింది.

నొక్కక తప్పలే. నొక్కకపోతె ఎందుకు నొక్కలేదని అడుగుతది. ఉత్త అద్దం, ఎనుక దుమ్ము, గదే పడ్డది. సడక్ ఫొటో అన్న, సడక్ ఫొటోనే వచ్చింది. నా అబద్ధానికి మా అక్క గంత మర్యాద చేసింది.

తర్వాత ఇగ చెప్పకుంట తీద్దమనుకున్న. ఆ డబ్బాకు పైన చిన్న అద్దముంటది, తల వంచి అందుల చూసుకోవాలె. అందుల కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. మోటరు ఊగినప్పుడల్ల అక్క మొఖం ఆ అద్దంలకెల్లి జారిపోయేది. ఈడున్నది అని నొక్కేలోపల అమ్మ మోచెయ్యి అడ్డమొచ్చె. ఇంకోసారి గుంతల చక్రం పడి, నా గదువ కెమెరాకు గుద్దుకున్నది. గట్ల ఇంకో రెండు పాయె.

డ్రైవర్ భాయ్ గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ. నా తిప్పలు కొంతసేపు చూసి, 'క్యా మియా, సడక్ ముందల ఉంటె నువ్వు ఎనుకకు చూస్తవేంది' అన్నడు.

'జర ఆహిస్తా పోనియ్ భాయ్' అన్న.

'ఆహిస్తా పోతె పగటియాళ్లకు చేరం. డాక్టర్ లేచిపోతడు' అని ఇంకింత జోరుగ తోలిండు. ఆయన చెప్పింది నిజమే. పగటిలోపల పోకుంటె మంచం ఇంకొకలకు ఇస్తమని రాసిండ్రు. ఆపుమనే ధైర్యం నాకు లేకుండె.

చేవెళ్ల దాటినంక అక్కకు ఊపిరాడలే. అద్దం దించుకొని, మూతి మీది గుడ్డ కిందికి గుంజుకొని, మొఖం గాలికి పెట్టింది. ఇదే సమయమని నేను నా దిక్కు అద్దంలకెల్లి నడుముదాక బయటికి ఒంగి, కెమెరా ఎనుకకు తిప్పిన. అమ్మ లొల్లి పెడ్తనే ఉన్నది, పడ్తవురా, నీకేమన్న దయ్యం పట్టిందా అని. రెండు తీసిన. గాలికి అక్క ఎంటికలన్ని మొఖం మీదికొచ్చినయి. అయినా ఏదో పడ్డదనే అనుకున్న, అనుకోకపోతె ఎట్ల. ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టింది. గుడ్డ మల్ల మూతికి కట్టుకొనే పండుకున్నది. ఊకె కూసోలేక అది గూడ ఒకటి తీసిన. పిచ్చోడు తప్ప ఎవలన్న తీస్తరా అది.

మన్నెగూడ కాడ లేచింది. సడక్ పక్కపొంటి మోదుగులు పూసినయి. ఆకు ఒక్కటి లేదు, చెట్టంత ఎర్రటి పువ్వే. అక్క అద్దం పట్టుకొని కూసున్నది.

'అరే తమ్మీ, గవి తీయ్ రా' అన్నది. 'పొద్దటిసంది ఉత్త మట్టి సడకే తీస్తున్నవు. గవి తీసి బిడ్డకు చూపెట్టు. మీ అమ్మ గీ తోవలకెల్లి పోయింది అని చెప్పు.'

కెమెరా ఎనుక చిన్న ఎర్రబిళ్ల ఉంటది, అందుల ఎన్నో బొమ్మనో అంకె కనవడ్తది. చూసిన. ఎనిమిది. ఇదొక్కటే ఉన్నది. వద్దని ఎట్లనాలె, ఎందుకు వద్దో ఏమని చెప్పాలె. ఏడాదిల ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. మోదుగులను తీసిన. అవి గూడ ఉరుకుతనే ఉండె. రోలు ఆఖరుదాక తిప్పి చుట్టేసిన.

మైలు గూడ పోయినమో లేదో, మోటరు ముందటికెల్లి పొగ లేసింది. ఇంజను కాగింది, నీళ్లు పొయ్యాలె అన్నడు డ్రైవర్ భాయ్. డబ్బా పట్టుకొని దూరంల కనవడ్డ బాయి దిక్కు నడిచిండు. అమ్మ అక్కను మెల్లగ దించి మైలురాయి మీద కూసోపెట్టింది. పొద్దటిసంది మొదటిసారి అంతా నిలవడ్డది. గాలి సుత లేదు.

'ఇగ తీయ్ రా' అన్నది అక్క.

'ఏంది తీసేది?'

'నన్ను. నేను ఎనుకకు రాను, నాకెరుకైతున్నది. కుర్సీకి కట్టినంక తీస్తే అది చూసి బిడ్డ జడుసుకుంటది. కండ్లు తెరిచి ఉన్నప్పుడే తీయ్.'

అమ్మ కొంగు నోట్లె కుక్కుకొని మోటరు అవతలికి పోయింది. అక్క తనే మూతి మీది గుడ్డ ముడి ఇప్పి, మడత పెట్టి ఒళ్లె పెట్టుకున్నది. వేలు తడి చేసుకొని చెవులకాడి ఎంటికలు అదుముకున్నది. ఏడాదైనంక ఆమె ముక్కు, పెదవులు, గదువ ఎండల చూసిన. చిక్కిపోయింది గని, మా అక్కనే. చిన్నప్పుడు నన్ను సంకనేసుకొని తిరిగిన మనిషే.

'నవ్వాల్నా, ఊకుండాల్నా?' అని అడిగింది.

రోలు అయిపోయిందక్కా అనాలె. రెండే మాటలు. అనలే. సడక్ అని చెప్పి పొద్దటిసంది నిన్నే తీసిన, ఒక్కదాంట్ల సుత నువ్వు పడలే, ఆఖరిది చెట్లకు పెట్టిన, అని ఏ నోటితోని చెప్పాలె. ప్రాణం మీది ఆశ ఇడిసిపెట్టుకొని ఆ రాయి మీద కూసున్న మనిషికి ఏమని చెప్పాలె.

'నవ్వక్కా' అన్న.

నవ్వింది. నేను తల వంచి, ఆ చిన్న అద్దంల ఆమెను నడిమిట్లకు తెచ్చుకొని నొక్కిన. ఆ డబ్బా లోపల రోలున్నా లేకున్నా ఒక్కతీర్గనే టక్కుమంటది.

'పడ్డనా?'

'పడ్డవు. మస్తుగ వచ్చింది.'

'కండ్లు మూసిన్నేమో రా. ఇంకొకటి తీయ్.'

ఇంకొకటి తీసిన.

నీళ్లు పోసుకొని గుట్ట ఎక్కినం. డాక్టర్ ఉన్నడు, మంచం ఇచ్చిండు. అమ్మ, నేను ఖాళీ సీటు ఏసుకొని ఎనుకకు వచ్చినం.

రోలు నయాపూల్ కాడి స్టూడియోల కడగనిచ్చిన. ఆయన తడి ఆరినంక ఎలుగుకు పట్టి, 'ఏంటియి గుమాస్తా సాబ్ ఇవి' అన్నడు. సీట్ల కూసున్న మనిషిని అంత దగ్గరికెల్లి తీస్తే ఈ డబ్బాల ఎట్లయినా మసకనే పడ్తదట, ఆ పైన ఊగుడు. ఒకదాంట్ల చెవి, ఇంత జుట్టు ఉన్నయి, గవి గూడ మా అక్కయే అని నేను చెప్తే నమ్మాలె. మోదుగులు బూడిద గీసినట్టున్నయి. 'మోటరు ఆపి తీయొద్దా భాయ్' అన్నడు. ఆపి తీయాలె. ఆ ముక్క చెప్పనీకి ఈయన గావల్నా.

నెలకు మల్ల కెమెరా అడుక్కొని, కొత్త రోలు ఏసుకొని, వికారాబాదుదాక రైలుల పోయి గుట్ట ఎక్కిన. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పి, మంచిగ కూసోపెట్టి తీద్దమని తోవంత మాటలు కూడవెట్టుకున్న. వరండల మంచాలు వరుసగ ఉండె. అక్క మంచం ముందటికెల్లే పోయి, గుర్తుపట్టక ఇంకో రెండు మంచాలు దాటిన. ఆమెనే పిలిచింది. లేవబోయింది, చాతగాలే. చెంపలు లేవు. నేను నెల కింద ఎండల చూసిన మొఖం అది గాదు. ఆమెను నేను చూసుడు ఆ వరండల అదే ఆఖరుసారి.

'వచ్చిందా?' అన్నది. నా బాగోగులు సుత అడగలే, అదే మొదటి మాట.

సంచి నా ఒళ్లెనే ఉన్నది, సంచిల కెమెరా ఉన్నది.

'వచ్చిందక్కా' అన్న.

'కండ్లు తెరిచే ఉన్ననా?'

'తెరిచే ఉన్నవు. నవ్వుకుంట ఉన్నవు.'

'బిడ్డకు చూపెట్టినవా?'

'చూపెట్టిన.'

'ఏమన్నది?'

'అమ్మ అన్నది.'

అక్క కండ్లు మూసుకున్నది. నేను సంచి మూతి గట్టిగ పట్టుకొని కూసున్న. ఎందుకు పట్టుకున్ననో, దాన్ని ఎవలు తెరుస్తరని.

'ఈసారి వచ్చినప్పుడు తెస్తక్కా, నువ్వు గూడ చూద్దువు' అన్న.

'నాకెందుకు రా' అన్నది. 'నా మొఖం నాకెరుకలేదా. దానికాడనే ఉండనీ.'

దానికాడ ఏం లేకుండె.