తొమ్మిది ముక్కల మాట

డెబ్బైల్లో పోలండ్‌లోని పబ్యానిత్సె ఊరి నూలు మిల్లులో హల్ష్కా గొంతు ఎరగనివాళ్లు లేరు. షెడ్డు గోడలకు బిగించిన లౌడ్‌స్పీకర్లలోంచి పొద్దున్నే వార్తలు చదివేది, భోజనాల వేళ పాటలు వేసేది. చిన్నప్పుడు ఆమెకు నత్తి ఉండేదన్న సంగతి మాత్రం మిల్లులో ఒక్క బొగూషకే తెలుసు.

బొగూష, అసలు పేరు బొగుమీవా, మగ్గాల షెడ్డులో పనిచేసేది. మిల్లు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఒకసారి జ్వరంలో మాట తడబడితే హల్ష్కా తనే అంతా చెప్పేసింది. పొడుగాటి మాట ఎదురైతే అతుకులెక్కడున్నాయో చూసుకుని, ముక్కలు చేసుకుని, ముక్కకొకసారి వేలితో తొడమీద తట్టుకోమని అమ్మమ్మ నేర్పిందట.

"నాకూ నేర్పవే! నా యాస వింటే మీ పట్నంవాళ్లు పళ్లికిలిస్తారు," అని బొగూష వెంటపడింది.

"సరే. తొంభై అయిదేళ్ల ముసలాయన. ఏదీ, అను."

పోలిష్‌లో 'తొంభై అయిదేళ్ల' అనేది ఒకటే విశేషణం. తొంభై, అయిదు, ఏళ్లు కలిసిపోయి, కలిసినచోట అంకెల తోకలు మారిపోతాయి.

"అమ్మో, నాలుక మెలిపడి చస్తాను."

"చావవులే. జె-వ్యెంచ్-జె-శెన్-చో. తొంభై అయిపోయింది. ఊపిరి తీసుకోకు. ప్యెన్-చో. ఇది అయిదు. లెత్-ని. మాట ఎంత పొడుగైనా మనం ఒత్తి పలికేది చివరినుంచి రెండో ముక్కనేగా? 'లెత్' మీద కన్నేసి నడిచెయ్."

బొగూష పకపకా నవ్వుతూనే పట్టేసింది.

ఆ వసంతంలో ఎప్పుడో పింఛను పుచ్చుకున్న, మిల్లులో అందరికన్నా పాత నేతగాడికి తొంభై అయిదేళ్లు నిండాయి. సన్మానం పెట్టారు. పెద్ద రేడియోవాళ్లు వచ్చి రికార్డు చేస్తారన్నారు. డైరెక్టరు హల్ష్కాను పిలిపించాడు.

"హల్ష్కాగారూ, మీకు నత్తి ఉందటగా?"

"ఎవరు చెప్పారండీ?"

"మీ మేలు కోరినవాళ్లే. ఇది ఒక్కసారి చదవండి," అంటూ సన్మానపత్రం చేతికిచ్చాడు.

ఆ కాగితం ఆమె కళ్లు మూసుకుని చదవగలదు. కానీ మేలు కోరినవాళ్లెవరో అప్పుడే తెలిసొచ్చింది.

"జె... జె... జె..."

డైరెక్టరు మెల్లగా కాగితం తీసుకున్నాడు. "మీరేం బాధపడకండి. బొగుమీవా సిద్ధంగానే ఉంది."

సన్మానం రోజున హల్ష్కాను ప్యాకింగులో వేశారు. లౌడ్‌స్పీకరులోంచి బొగూష గొంతు వచ్చింది. తొంభై దగ్గర ఊపిరి తీసుకోలేదు. ఒత్తు సరిగ్గా 'లెత్' మీద పడింది.

"అచ్చం నువ్వు చదివినట్టే ఉందే!" అంది పక్కనున్నామె సంబరంగా.

సాయంత్రం బొగూష జున్ను కేకు పట్టుకుని గదికొచ్చింది.

"ఎప్పటికైనా బయటపడేదే కదే. అంతమంది ముందు నువ్వు పడిపోతే నేను చూడలేను."

"నేను పడలేదు బొగూషా. నువ్వు తోశావు."

"అంత మాటంటావేమే! సగం నీ గొప్పేగా?"

హల్ష్కా మంచంకింద పెట్టె లాక్కుని బట్టలు సర్దుకుని చివరి గదికి మారిపోయింది.

మైకు మళ్లీ ఆమె చేతికి రాలేదు. పింఛను పుచ్చుకునేదాకా ప్యాకింగులోనే ఉంది. స్టోర్సులో పనిచేసే వావ్ష్యెనెట్స్‌ను పెళ్లి చేసుకుంది. నిమ్మకు నీరెత్తినట్టుండే మంచి మనిషి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు, "చిన్నప్పటి కబుర్లేవైనా చెప్పవూ," అని అడిగాడు.

"చెప్పడానికేం లేవండీ," అంది హల్ష్కా, ఒక్కో ముక్కా నెమ్మదిగా పలుకుతూ.