పితికిపప్పు

నిన్న మైదుకూరు సంతలో అనపకాయలు చేతిలోకి తీసుకున్నానో లేదో, ఆ పచ్చి జిడ్డు వాసనకు చిన్నప్పటి చలికాలపు పొద్దొకటి గుర్తొచ్చింది.

కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనూ పితికితే తోలు ఊడి పప్పు గిన్నెలోకి జారేది. మా నాయన తల్లి, జేజి, పితుకుతాంటే నేనూ పోటీగా పితికినా. పని అయినాక చూసుకుంటే నా వేళ్ల కొసలు నానిన గింజల మాదిరే ముడతలు పడినాయి. ఇంక నా తోలూ ఊడుతుందనుకున్నా. వేడి సంగటి, పితికిపప్పు కూర ముందు పెట్టినా చేతులు పావడా కింద దాచుకున్నా.

"ఏం పాపా, తినకుండా చేతులు యాడ దాస్తాండావు?"

"ముట్టుకుంటే తోలు ఊడిపోతాది జేజీ."

జేజి నవ్వలేదు. ముడతలు పడిన తన చేయి నా ముందు చాపింది.

"ఇన్నేండ్లు పితికినా నాదే ఊడలే. గిల్లి చూడు."

గట్టిగా గిల్లినా. ఊడలేదు. ఆ ధైర్యంతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నా.

ఈరోజు నేనే పితికి వండినా. వేళ్లు ఆరి నున్నగయినాయి గానీ, చేతి వెనక వయసు ముడతలు పోలేదు. ఎందుకో ఒకసారి గిల్లి చూసుకున్నా.

తోలు గట్టిగానే ఉండాది.