రన్‌వే మీద తమ్ముడి గొంతు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నవ్వుతాను. వైమానిక దళంలో ముప్పై ఏళ్లు దాటి పనిచేసి ఎయిర్ కమొడోర్‌గా రిటైరయ్యాను. మీటరు మీది ముల్లును తప్ప దేన్నీ నమ్మి ఎగరలేదు. అయినా ఇది జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం, నేనైతే బతిమాలను.

మాది తొర్రూరు. నాయినది కిరాణా దుకాణం. తక్కెడ పట్టే ఇంట్లోవాడికి విమానమేందని బజారంతా వెక్కిరించినా వెళ్లి చేరాను. అక్కడ మెస్‌లో కోస్తా ఆఫీసర్లు నేను "ఏంది" అంటే చాలు, నవ్వేవాళ్లు. మెల్లగా ఇంటి యాస మానేశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అరవై తొమ్మిదిలో నేను ఉత్తరాదిన ఫ్లైట్ లెఫ్టినెంట్‌ని. తమ్ముడు సత్యం కాలేజీ మానేసి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో తిరుగుతున్నాడని నాయిన ఉత్తరం రాశాడు. బుద్ధిగా చదువుకోమని వాడికి నాలుగు చీవాట్లు రాసి పంపాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. విమానం బాగుందని ముందు సార్జెంట్ పుస్తకంలో సంతకం చేస్తాడు, దాని కింద పైలట్ చేస్తాడు. తర్వాత లోపం బయటపడితే మొదట మెడ మీద కత్తి సార్జెంట్‌కే.

ఆ రోజు ఉదయం తొమ్మిది దాటింది. ఒక్కరే కూర్చునే జెట్. రన్‌వే మీద వేగం అందుకున్నాను. కాసేపట్లో చక్రాలు లేస్తాయనగా హెడ్‌ఫోన్‌లో సత్యం గొంతు వినిపించింది.

"ఆగన్నా. జర ఆగు."

అరుపు కాదు, పక్కన నిలబడి చెప్పినట్టే ఉంది. నా చేయి పవర్ తగ్గించింది, కాళ్లు బ్రేకులు తొక్కాయి. రన్‌వే చివర విమానం ఆగింది.

ఇంజన్ విప్పారు, టైర్లు చూశారు. ఏ లోపమూ దొరకలేదు. కంట్రోల్ టవర్‌లో రికార్డయిన టేపు వేసి విన్నారు. అందులో టవర్ మాటలు, నా మాటలు తప్ప మరో గొంతు లేదు.

కమాండింగ్ ఆఫీసర్ మంచివాడు. ఇంజన్‌లో ఏదో తేడాగా వినిపించిందని రాసివ్వు, ఇంతటితో పోతుందన్నాడు. లేకపోతే పిరికివాడంటారు, కాదంటే పిచ్చివాడంటారు, ఎటూ ఎగరనివ్వరని చెప్పాడు. అలా రాస్తే నేను బయటపడతాను, సంతకం పెట్టిన పంజాబీ సార్జెంట్ ఇరుక్కుంటాడు. చీకటితోనే లేచి ఆ ఇంజన్ తుడిచి, బిగించి, చూసిన మనిషి అతను. నా వల్ల కాలేదు. మా తమ్ముడు ఆగమన్నాడు, ఆగాను అని రాసి సంతకం పెట్టాను. చించేయమన్నారు. చించలేదు.

ఎగరకుండా నన్ను నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిప్పారు. ఆ మధ్యలో సెలవు మీద తొర్రూరు పోయాను.

అక్కడ నాయిన చెప్పాడు. సత్యం, వాడి స్నేహితులు వరంగల్ బస్సుకు అడ్డం నిలబడ్డారట. బస్సు మీదికి వస్తుంటే అందరూ పక్కకు దూకారు, వీడు కదల్లేదు. జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్‌ది మా దగ్గరి దంతాలపల్లి. ఎవరో చెవిలో ఆగన్నా అన్నట్టయింది, అందుకే బ్రేకు తొక్కానని చెప్పి రోడ్డు మీదే కూలబడ్డాడట. అది నాయిన దుకాణం తెరిచే వేళ, పొద్దున తొమ్మిది దాటింది. ఏ రోజని అడిగి నా లాగ్‌బుక్ తీశాను. అదే రోజు.

సత్యాన్ని మేడ మీదికి తీసుకుపోయి అడిగాను. "నువ్వేగదరా ఆగుమన్నది?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"నేనేం అనలే అన్నా. భయానికి నోరే పెగల్లే. మనసుల నువ్వొక్కనివే యాదికొచ్చినవు."

చదువుకోమని చీవాట్లు పెట్టిన చేత్తోనే వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చాను కూడా.

తిరిగి వెళ్లాక మెస్‌లో అందరి ముందూ "ఏంది" అనే అన్నాను. నవ్వేవాళ్లు నవ్వారు. మళ్లీ ఎగరనిచ్చారు గానీ ఒక ప్రమోషన్ ఆలస్యమైంది. తర్వాత ప్రతి పెద్ద పదవి ముందూ ఆ పాత కాగితం బల్ల మీదికొచ్చేది. ఇప్పుడైనా ఆ మాట మారుస్తావా అని అడిగేవాళ్లు.

నోరు తెరవని మనిషి మాట నాకెలా వినిపించిందో, ఆ డ్రైవర్‌కెలా వినిపించిందో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటాను. విన్లేదని మాత్రం ఈ రోజుకూ రాయను.