అంకుల్ ఎడమ బొటనవేలు

మంగళవారం పొద్దున నేను మెట్రోలో ఉండగా షాపు ఓనరు ఫోన్ చేశాడు. "అంకుల్ నహీ రహే, బేటా" అన్నాడు. ఇంట్లో టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయారట. రెండో స్ట్రోకట. ఆ మాట నా లోపలికి దిగకముందే ఇంకో మాట అన్నాడు. "ఔర్ సునో, వో కీబోర్డ్ నార్మల్ కర్ దేనా. నయా ఆద్మీ ఆ రహా హై." మనిషి పోయాడు, ఆయన కీబోర్డు మామూలుగా మార్చిపెట్టు, కొత్తవాడు వస్తున్నాడు. రెండూ ఒకే ఫోన్లో. నేను అనకూడని మాట ఒకటి అని పెట్టేశాను. ఎదురుగా కూర్చున్నావిడ నా వైపు అదోలా చూసింది. చూడనీ.

నేను నమ్మలేదు. అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం, ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఆయన చేతికి వేగం వచ్చింది. పోయే మనిషి చేతికి వేగం ఎందుకొస్తుంది?

ఢిల్లీ బేర్ సరాయ్ సందుల్లో థీసిస్‌లు టైపు చేసి, ప్రింటు తీసి, బైండు చేసి ఇచ్చే షాపు అది. అంకుల్ అక్కడ టైపిస్టు. తణుకు నుంచి ఎప్పుడో వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డారు. నేను మిర్యాలగూడ నుంచి వచ్చి అదే షాపులో జిరాక్స్ మెషిను దగ్గర చేరాను. డిగ్రీ లేదు, ఇప్పటికీ లేదు. ఖాళీ దొరికితే ఒక వేలితో కీబోర్డు పొడుస్తుంటే ఆయన చూసి నవ్వారు.

"ఏంది అంకుల్, నన్ను జూసి నవ్వుతున్రు?"

"నిన్ను చూసి కాదమ్మా. కీబోర్డుని అంత గుడ్లప్పగించి చూస్తున్నావు, అది నిన్నసలు పట్టించుకోవట్లేదు. తల పైకెత్తు."

నాకు పది వేళ్లతో టైపు చేయడం అలా వచ్చింది. అక్షరాల మీద న్యూస్‌పేపరు కప్పి నేర్పారు. తప్పు కొడితే తిట్టేవారు కాదు, పేపరు ఇంకొంచెం ముందుకు జరిపేవారు. మిగతాది నేను నెట్‌లో చదివి, షాపు కంప్యూటర్ చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాను. అది పాతది. విండోస్ దాని మీద నడవకపోతే, ఊరికే దొరికే లినక్స్ వేశాను. ఓనరు మొత్తుకున్నాడు. అంకుల్ మాత్రం "పని అవుతోందా లేదా?" అన్నారు, అంతే.

తర్వాత ఆయనకి మొదటి స్ట్రోక్ వచ్చింది. కుడి చేయి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక షాపులో స్టూలు మీద కూర్చుని, ఎడమ చేత్తో కీబోర్డు ఈ కొస నుంచి ఆ కొసకి వెతుక్కుంటూ పేజీ పూర్తి చేయడానికి చెమటలు కక్కేవారు. నెలాఖరు వరకు చూస్తానన్నాడు ఓనరు. మర్యాదగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా మండింది.

లినక్స్‌లో ఏ కీ ఏ అక్షరం కొట్టాలో మనమే చెప్పొచ్చు. ఒక ఫైల్లో రాస్తే చాలు. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని స్పేస్ బార్‌కి రెండు పనులు పెట్టాను. తట్టి వదిలితే ఖాళీ పడుతుంది. నొక్కి పట్టుకుంటే కీబోర్డు అద్దంలోలాగా తిరగబడి, కుడివైపు అక్షరాలన్నీ ఎడమ చేతి కిందకి వస్తాయి. పట్టుకుని ఎఫ్ కొడితే జె పడుతుంది. కుడి చేతి చూపుడువేలు చేసే పని ఎడమ చూపుడువేలు చేస్తుంది. కొత్త కీబోర్డు కూడా తగిలించాం.

మొదటిరోజు ఆయన కొట్టిన పేరాలో ఒక్క ఖాళీ లేదు. మాటలన్నీ అతుక్కుపోయి ఒకటే తాడు. ఎంతసేపు నొక్కితే 'పట్టుకున్నట్టు' లెక్కో ఫైల్లో నేనే రాశాను, నా వేలి వేగానికి. ఆయన బొటనవేలు పైకి లేచేలోపే ఆ గడువు దాటిపోయి, తట్టినా పట్టుకున్నట్టే లెక్కవుతోంది.

"నీ తొందర దానికి అంటించావమ్మా" అన్నారు. "కొంచెం ఆగమని చెప్పు. నేను వస్తున్నాను."

గడువు పెంచాను. ఆయన కొట్టారు, మళ్లీ పెంచాను. ఖాళీలు పడటం మొదలయ్యాక ఆయన ఒక వాక్యం కొట్టి, వెనక్కి వాలి, స్క్రీను మీది ఖాళీలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. ఉద్యోగం నిలిచింది.

ఇంకో గొడవ మిగిలింది. ఎడమ చేత్తో ఏదీ అందించకూడదని పెరిగిన మనిషి. అశోకా రోడ్డులో మనవాళ్ల క్యాంటీనుకి భోజనానికి వెళ్తే ఎడమ చేత్తో తినాల్సొస్తుందని గోడవైపు తిరిగి కూర్చునేవారు. షాపులో బైండు చేసిన కాపీ అందించాల్సొస్తే నన్ను పిలిచేవారు. ఒకరోజు నేను లేను, ఆయనే ఇచ్చారట. మనవాడే ఒక పీహెచ్‌డీ కుర్రాడు మొహం చిట్లించాడట. అంకుల్ నవ్వి, "ఎడం చెయ్యి అనుకోకండి డాక్టరు గారూ. మీ థీసిస్ మొత్తం కొట్టింది ఇదే" అన్నారట. ఆ తర్వాత నన్ను పిలవడం మానేశారు. థీసిస్ ఇవ్వకముందే అందర్నీ డాక్టరు గారూ అనడం ఆయన అలవాటు. ఆయన పోయారని తెలిసి ఆ డాక్టర్లందరూ వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. శ్మశానానికి వచ్చినవాళ్లు మాత్రం ఓ ఆటోకి సరిపోతారు.

నేను నోయిడాలో ఉద్యోగానికి మారాక కూడా ఆదివారాలు వెళ్లేదాన్ని. మొన్న ఆదివారం వెళ్లగానే ఆయన, "ఆ గడువు తగ్గించమ్మా" అన్నారు.

"ఎందుకంకుల్? మంచిగనే ఉన్నది గదా."

"ఇదివరకు అది నాకోసం ఆగేది. ఇప్పుడు నేనే దానికోసం ఆగాల్సొస్తోంది."

ఆ మాట చెప్పడానికి వారమంతా కాచుకుని ఉన్నట్టు చెప్పారు. తగ్గించాను. ఆయన చకచకా ఓ పేజీ కొట్టి చూపించారు. కుడి చేయి ఎప్పటిలాగే మడతపెట్టిన చేతిరుమాలు మీద ఉంది.

అందుకే నేను నమ్మలేదు.

అంకుల్ వాళ్లింట్లో ఆంటీ పక్కన కూర్చుని, కీబోర్డు ముట్టుకోనని చెప్పాను. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "ఓనరు అడిగితే మాత్రం నేనెందుకు తీస్తనాంటీ? అంకుల్‌ది అది" అన్నాను. ఆంటీ నా చేయి పట్టుకుంది. "వచ్చినాయన ఏం చేశాడే పాపం. కొడితే ఒకటి, పడేది ఒకటి అయితే ఎలా కొడతాడు? ఈయనకి తెలిసింది కదా ఆ బాధ. వెళ్లి తీసేసిరా."

వెళ్లాను. కొత్తాయన నడివయసు మనిషి, బిహార్ వైపు. కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడ్డాడు. ఫైలు తెరిచాను. ఆదివారం నేను తగ్గించిన అంకె ఎదురుగా ఉంది. అది ఆయన బొటనవేలి వేగం, ఉన్నదున్నట్టు. తీసేశాను. స్పేస్ బార్ మళ్లీ ఒక్క పని చేసేదయింది.

కొత్తాయన కూర్చుని నాలుగు లైన్లు కొట్టి చూసుకున్నాడు. తర్వాత చేతులు ఎత్తి, వంగి, కీబోర్డుని పరీక్షగా చూశాడు.

"దీదీ, యే ఆధా నయా హై క్యా?"

ఇది సగం కొత్తదా అని. నేనూ అప్పుడే చూశాను. ఎడమ సగంలో అక్షరాలు చెరిగిపోయాయి. ఎఫ్ అసలు లేదు, నల్లగా నున్నగా ఉంది. కుడి సగం నిన్ననే డబ్బాలోంచి తీసినట్టుంది, ఒక్క గీత కూడా లేదు. కొత్తాయన మళ్లీ పనిలో పడ్డాడు. ఈయన స్పేస్ కొట్టేది కుడి బొటనవేలితో. ఎడమ కొసన, బొటనవేలు ఆనేంత మేర, స్పేస్ బార్ మీద నునుపు మచ్చ ఒకటి ట్యూబులైటు వెలుగులో మెరుస్తోంది.