కారం మీద పడిన సెంటు

నేను పనిచేసింది గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా వరండాలోనే విప్పమనేది మా ఆవిడ. ఆ ఘాటుకి ఇంట్లో అందరికీ తుమ్ములొచ్చేవి. రిటైరయ్యాక ఆ చొక్కాలు పోయాయి గాని, ఆమె మాట మాత్రం నా ఒంటిని వదల్లేదు.

ఆమె మేనమామ కొడుకు మా పక్క వీధిలోనే ఉంటాడు. ఒకప్పుడు ఆమెను ఆయనకే ఇవ్వాలనుకున్నారు. ఈ వయసులో ఆయన బాడీ స్ప్రే మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం కాఫీకి వస్తాడు.

"బావ వస్తే ఇల్లంతా మల్లెతోటలా ఉంటుందండీ" అంటుంది మా ఆవిడ. కోపం తీరుతుందని ఆ మాటను డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నా అసూయ తగ్గలేదు.

చివరికి ఆయన వాడే రకాన్నే ఫ్యాన్సీ షాపులో రహస్యంగా కొన్నాను. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో బ్యూటేన్, ప్రొపేన్ అని ఉంది. వంటగ్యాసులో ఉండేవే. ఆ సాయంత్రం ఆయన కాఫీ తాగుతుండగా ఆ సంగతి బయటపెట్టాను.

"అన్నయ్యా, నువ్వు కొట్టుకుంటున్నది గ్యాసు బండలో సరుకు."

"అయితే ఏం తమ్ముడూ. గ్యాసు ఆటో లాంటిది. సెంటుని దింపేసి దాని దారిన అది పోతుంది. ఒంటికి చల్లగా తగిలేది అదే."

"బండలో గ్యాసుకి కంపు కలుపుతారుగా?"

"దీనికి కలపరు. కలిపితే మీ ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

మా ఆవిడ పగలబడి నవ్వింది. నా మాటకు ఆమె అలా నవ్వి ఎంతకాలమైందో.

మర్నాడు ఆయన రాకముందే నేనూ కొట్టుకుందామనుకున్నాను. మంట దగ్గర వాడకూడదని డబ్బా మీద రాసి ఉంది. నియమం తప్పడం నాకు చేతకాదు. అందుకే వంటింటికి దూరంగా వెనక గదిలోకి వెళ్ళాను. అక్కడ మరాడించి తెచ్చిన ఏడాది కారం పాత పంచె మీద పరిచి ఉంది. వేడి మీద జాడీకెత్తితే రంగు పోతుందని మా ఇళ్ళలో అలా చల్లారబెడతాం. ఉద్యోగమంతా కారం మధ్యనే గడిపినవాణ్ణి, దాన్ని లెక్కచేయలేదు. మీట గట్టిగా నొక్కాను. మూతి కిందికి తిరిగి ఉంది. బుస్సుమని గ్యాసు తన్నేసరికి గదంతా ఎర్రటి దుమ్ము లేచింది.

మా ఆవిడ తుమ్ముతూ వచ్చి, చిటికెడు కారం తీసి వాసన చూసింది.

"ఇన్నాళ్ళూ మీ చొక్కాకి కారం వాసన. ఇప్పుడు కారానికి మీ చొక్కా వాసనా?"

తుమ్ముల మధ్యనే ఆమెకి నవ్వు మొదలైంది. నిన్నటి నవ్వే, కాకపోతే ఇవాళ నాది. సెంటు పడిన కారం ఆమె చేటలోకెత్తి పారబోయబోతుంటే ఆపాను.

"మీ బావకి పంపు. ఆయనకి ఈ వాసన అలవాటేగా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సర్లెండి. ముందు వరండాలోకెళ్ళి ఆ చొక్కా విప్పండి."