ముక్కలుగా తిరిగొచ్చిన జెర్సీ

2022 వేసవి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు నాది. మా స్నేహితుల కొడుకు నిఖిల్ ఇక్కడే పుట్టి పెరిగాడు. ఎప్పుడో మూతపడిన ఒక మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు పేరుతో పాతకాలపు తరహా టీషర్టులు అమ్ముతానని వచ్చాడు. మైనర్ లీగ్ అంటే పెద్ద జట్లకు ఎక్కాలని ఆశపడే కుర్రాళ్లు చిన్న ఊళ్లలో ఆడే ఆట.

అచ్చు కొత్తదైనా ఏళ్ల తరబడి ఉతికినట్టు పగుళ్లు కనిపించాలి. దీన్ని మేం డిస్ట్రెస్సింగ్ అంటాం. బాగా రావాలంటే అసలైన పాత జెర్సీ ఎదురుగా ఉండాలి. నలుగురినీ అడగగా, ఆ జట్టులో క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, ఆడిన వాల్టర్ దొరికాడు. డెబ్బై దాటిన మనిషి. జెర్సీని దిండు గలీబులో పెట్టి తెచ్చాడు.

“పని అవగానే నాకు ఇచ్చెయ్యాలి,” అన్నాడు.

“నా చేత్తోనే ఇస్తాను,” అన్నాను.

జెర్సీ అచ్చు మీది పగుళ్లను స్కాన్ చేసి ఆ ఫైలు నిఖిల్‌కు పంపాను. మర్నాడు అతను వచ్చాడు. “ఆంటీ, జస్ట్ టూ డేస్ ఇవ్వండి. ఫొటోస్ తీసి రిటర్న్ చేసేస్తా.”

వాల్టర్‌ను ఒక్క మాట అడగాల్సింది. తెలిసినవాళ్ల పిల్లాడే కదా అని ఇచ్చేశాను.

వారం తర్వాత నిఖిల్ పంపిన పెట్టె విప్పితే, లోపల అగ్గిపెట్టెంత గుడ్డముక్కలు. టీషర్టుకొక ముక్క చొప్పున అంచున కుట్టాలట. ఆ రంగు చూడగానే అవి వాల్టర్ జెర్సీ ముక్కలని తెలిసిపోయింది. ఫోన్ చేశాను.

“లిమిటెడ్ ఎడిషన్, ఆంటీ! ఫ్యాన్స్ లవ్ చేస్తారు.”

“తిరిగి ఇస్తానన్నావు కదరా!”

“ప్లాన్ చేంజ్ అయింది. ఓల్డ్ షర్టే కదా? వాల్టర్ అంకుల్‌కి కొత్తది ఫ్రీగా ఇద్దాం.”

ఆ పని చెయ్యనని చెప్పేశాను. అప్పటికి చెప్పి ఏం లాభం?

వాల్టర్ వచ్చినప్పుడు ముక్కలన్నీ బల్ల మీద పరిచాను. “నేను కోయలేదు,” అన్నాను.

“నేను ఇచ్చింది మీకు,” అన్నాడు.

కోపపడితే బాగుండేది. నిలబడే ఒక్కో ముక్కా తిరగేసి చూశాడు. రెండింటిని పక్కపక్కన చేర్చాడు. చిరుగు మీద వేసిన చేతికుట్టు మధ్యకు తెగి ఉంది.

“మా ఆవిడ కుట్టింది. ఆమె ఇప్పుడు లేదు.” ఆ రెండూ చొక్కా జేబులో వేసుకుని, మిగిలినవి వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత నేను చేసిన ఏ ఫోనూ ఎత్తలేదు.

టీషర్టులు వేరే షాపులో అచ్చయ్యాయి, బాగానే అమ్ముడుపోయాయి. వాటి మీద పగుళ్లన్నీ నేను స్కాన్ చేసినవే.

అప్పగించిన వస్తువు విషయంలో “నేను కాదు” అన్న మాటకు విలువ లేదు. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో తెలియని ఆ సంగతి నాకు తెలియడానికి, వాల్టర్ తనకున్న ఒక్క జెర్సీ పోగొట్టుకోవాల్సి వచ్చింది.